పన్నెండో నెల ఫొటో

కడలి లోవకుమారి మొహం ఆమెది కాదని అడ్మిషన్ కౌంటర్లోని కెమెరా మూడుసార్లు చెప్పింది. మూడోసారికి అక్కడి గుమాస్తాకి విసుగొచ్చి నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ ప్లాస్టిక్ సర్జరీ పాత పేషెంటునంటోంది. రికార్డులో ఉన్న ఫొటోకీ ఈవిడకీ పోలికే లేదు. చేతులు కాలి ఉన్నాయి, వేలిముద్రలు పడట్లేదు. పంపించెయ్యమంటారా?"

"పంపించకు, వస్తున్నా," అన్నాను. ఓపీలో ఇంకా నలభై మంది ఉన్నారు. ఈ డిపార్ట్‌మెంట్లో నేను చేరి పదహారేళ్ళయింది. నలభై మంది మిగిలి లేని మధ్యాహ్నం ఒక్కటీ చూడలేదు. మెట్లు దిగుతుంటే నాకంటే ముందు నా మోకాళ్ళు విసుక్కున్నాయి.

ఆమెను చూడగానే గుర్తుపట్టాను. గడ్డం వచ్చి ఛాతీకి అతుక్కుపోయి ఉంది. కింది పెదవి జారిపోయి లోపలి ఎరుపంతా కనిపిస్తోంది. నోట్లో ఊట ఆగక గడ్డం కింద తువ్వాలు పట్టుకుంది. తల ఎత్తలేక నడుము వెనక్కి వంచి, కనుగుడ్లు పైకి తిప్పి నన్ను చూసింది. పద్నాలుగు నెలల క్రితం ఆ మెడ కోసి, తొడ చర్మం తెచ్చి అతికించింది నేనే. ఇంటికెళ్ళేనాడు తిన్నగా నిలబడి నడిచి వెళ్ళిన మనిషి.

"నమస్కారమండి డాక్టరమ్మగారూ," అంది. పెదాలు కలవక ఆమె మాటలు సగమే తెలుస్తాయి. ఇక్కడ నేను సరిచేసి రాస్తున్నాను. "ఫొటో తేడాగా ఉందంటన్నారండి. మళ్ళీ తీసుకుంటారాండి?"

కౌంటర్ తెర మీదున్న ఫొటో చూశాను. నీలం గుడ్డ ముందు లోవకుమారి. మెడ నిటారుగా ఉంది, పెదాలు మూసుకున్నాయి, మచ్చలు పల్చబడి చర్మంలో కలిసిపోయాయి. కింద 'పన్నెండో నెల' అని రాసి ఉంది.

ఆ ఫొటో ఎవరూ తీయలేదు. మా డిపార్ట్‌మెంట్ తయారుచేసింది.

ఇదంతా సోషల్ మీడియాలో మా పేజీతో మొదలైంది. ప్లాస్టిక్ సర్జరీ నేర్చుకోవాలనుకునే కుర్ర డాక్టర్లు ఒకప్పుడు ఏ కాలేజీలో చేరాలో సీనియర్లని అడిగేవాళ్ళు. ఇప్పుడు కాలేజీల పేజీలు చూస్తారు. ప్రైవేటు వాళ్ళ పేజీల్లో ముక్కులు, నవ్వులు, పెళ్ళికూతుళ్ళు. మా పేజీలో కాలిన చేతులు, రొయ్యల ఫ్యాక్టరీలో తెగిన వేళ్ళు. వరుసగా రెండేళ్ళు మా నాలుగు సీట్లూ ఖాళీగా ఉండిపోయాయి. మూడో ఏడూ ఖాళీ అయితే మెడికల్ కౌన్సిల్ సీట్లు ఎత్తేస్తుంది. ట్రైనీలు లేకపోతే ముప్ఫై పడకల వార్డుని నేనూ మా ప్రొఫెసర్ ముకుందరావు గారూ ఇద్దరమే నడపాలి. అది అయ్యే పని కాదు. కూటి కోసం కోటి విద్యలన్నట్టు, మేమూ పేజీని ముస్తాబు చేయడం మొదలుపెట్టాం.

పేజీకి కావలసింది ముందు ఫొటో, తర్వాత ఫొటో. అతికించిన చర్మం కుదురుకోవడానికి ఏడాది పడుతుంది. అందుకే మా వార్డులో పేజీ రాకముందు నుంచే ఒక పద్ధతుంది. గోడకి నీలం గుడ్డ, దాని ముందు స్టూలు. ఇంటికెళ్ళే రోజున ఒక ఫొటో, తర్వాత మూడో నెల, ఆరో నెల, పన్నెండో నెల. కంప్యూటర్లో ఒక్కో పేషెంటుకి నాలుగు గళ్ళు. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ పేరు గురువారం జాబితాలోకి వస్తుంది. సిస్టర్ ఫిలోమినా ఆ జాబితా పట్టుకుని మధ్యాహ్నమంతా ఫోన్లు చేసేది. "ఏమ్మా, ఫొటో తీయాలి, రావా?" అని బతిమాలేది, రాకపోతే తిట్టేది. బస్సు ఛార్జీ పెట్టుకుని, ఆ రోజు కూలి వదులుకుని సగం మంది వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళ మెడ చూసి, అది మళ్ళీ ముడుచుకుపోకుండా కట్టే పట్టీ బిగించి, నాలుగు చీవాట్లు పెట్టి పంపేవాళ్ళం. రమ్మన్నది ఫొటోకే అయినా అసలు వైద్యం జరిగేది అక్కడే. ఆ సంగతి అప్పుడు మాకు తట్టలేదు.

రాని సగం మంది గళ్ళు ఖాళీగా ఉండేవి. 'తర్వాత' లేని ఫొటోలు పేజీకి పనికిరావు. అప్పుడు జోయెల్ 'ముందుచూపు' అనే ప్రోగ్రాం తెచ్చాడు.

జోయెల్ మా మూడో ఏడాది ట్రైనీ, సీట్లు ఖాళీగా పోకముందు చేరినవాడు. ముప్ఫై ఒక్కేళ్ళవాడు. ఆపరేషన్లో కుట్టు ఎంత శ్రద్ధగా వేస్తాడో కంప్యూటర్ ముందూ అంత శ్రద్ధ. పదహారేళ్ళ నీలం గుడ్డ ఫొటోలన్నీ యంత్రానికి చూపించి నేర్పాడు. ఇంటికెళ్ళేనాటి ఫొటో ఒక్కటి ఇస్తే, మూడో నెలకి, ఆరో నెలకి, ఏడాదికి ఆ మొహం ఎలా ఉంటుందో అది గీసి ఇస్తుంది. ముకుందరావు గారు నమ్మలేదు. పాత పేషెంట్లని అరవైమందిని తీసి, యంత్రం గీసిందీ, నిజంగా తీసిందీ పక్కపక్కన పెట్టించారు. కళ్ళద్దాలు తుడుచుకుని గంటసేపు తేడాలు వెతికారు. ఒక పెదవి కుట్టులో నేను చేసిన చిన్న తప్పు ఏడాదికి బొడిపెలా తేలింది. యంత్రం ఆ బొడిపెని కూడా గీసింది.

"నా తప్పులు నాకంటే ముందే తెలుస్తున్నాయే దీనికి," అని నవ్వాను. ఆ రోజు అందరం నవ్వాం.

ఖాళీ గళ్ళన్నీ, ఇంకా గడువు రానివాటితో సహా, నింపుకున్నాం. మొదట్లో ప్రతి ఫొటో కింది మూలలో 'అంచనా' అని చిన్న అక్షరాలతో ఉండేది. పేజీలో ఫొటో చదరంగా కత్తిరించేస్తే ఆ మూల తెగిపోయేది. "మేడమ్, పైన పెట్టమంటారా? నుదురు మీదికొస్తుంది," అని జోయెల్ అడిగాడు. నేను డిశ్చార్జి కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. ఇంకా ఇరవై కాగితాలున్నాయి. "వదిలెయ్ జోయెల్," అన్నాను. పేజీకీ, ఆసుపత్రి రికార్డుకీ ఫొటోలు వెళ్ళేది ఒకే ఫోల్డర్ నుంచి. రెండు ఫోల్డర్లు పెట్టుకునే ఓపిక ఎవరికుంది? ఆ ఏడాది నాలుగు సీట్లూ నిండాయి. ముకుందరావు గారు వార్డంతటికీ కాజాలు పంచారు.

లోవకుమారిని నా గదికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆత్రేయపురం అవతల చిన్న ఊరు ఆమెది. పూతరేకులు తీసే పని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి, కుండ మీద పిండినీళ్ళలో ముంచిన గుడ్డ పరిచి లాగితే రేకు వస్తుంది. ఒకరోజు గాలి తిరిగి మంట చీరకంటుకుంది.

"మూడో నెలకి ఎందుకు రాలేదమ్మా? ఆరో నెలకీ రాలేదు. సిస్టర్ ఫోన్ చేయలేదా?"

"మొదట్లో ఒకసారి సేశారండి. పట్టీ కట్టుకుంటన్నావా అనడిగారండి. తరవాత రాలేదండి ఫోను." తువ్వాలు మార్చుకుంది. "ఐదో నెల్లో మా తోటికోడలు ఫోన్లో నా ఫొటో సూపించిందండి. మీ పేజీలోదంట. బాగా వచ్చానండి అందులో. ఊరంతా సూశారండి. ఎప్పుడు తీశారా అనుకున్నాను. మీరు పెద్దోళ్ళు, ముందే సూసి పెట్టుంటారనుకున్నాను. ఎలాగూ అలా అవుతుంది కదా అని పట్టీ తీసేశానండి. కుండ దగ్గర ఉక్క కదండీ, ఆ పట్టీతో ఉండలేకపోయానండి."

నేను లేచి ఆమె మెడ మీద బిగిసిన చర్మాన్ని తడిమి చూశాను.

"తీశాక కొంచెం కొంచెం బిగిసిందండి. అయినా ఫొటో సూసుకుని, పరవాలేదులే, వత్తదిలే అనుకునేదాన్నండి." పెదవి తుడుచుకుని, "ఇప్పుడు నోటమ్మట ఊట కారతందని కుండ దగ్గరికి రానియ్యట్లేదండి. తినే వస్తువు కదండీ, ఆళ్ళనీ అనలేం," అంది. "మళ్ళీ కోస్తే తగ్గుద్దాండి?"

"తగ్గుతుంది," అన్నాను. అది నిజమే. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

ఆమెను వరండాలో కూర్చోబెట్టి సిస్టర్ ఫిలోమినా దగ్గరికి వెళ్ళాను. "గురువారం ఫోన్లు ఎందుకు మానేశారు సిస్టర్?"

"మానలేదు మేడమ్, జాబితాలో పేర్లు రావడం మానేశాయి," అంది ఆవిడ. "ఖాళీ గళ్ళు లేవుగా. అందరూ వచ్చేస్తున్నారు కాబోలు, మన జనం మారారనుకున్నాను."

జోయెల్ లెక్క తీశాడు. ముందుచూపు వచ్చాక నిండిన పన్నెండో నెల గళ్ళు రెండువందల అరవై ఒకటి. అందులో యంత్రం నింపినవి రెండువందల పన్నెండు.

"మేడమ్, దీనికి నేను నేర్పింది పన్నెండో నెలకి వచ్చినవాళ్ళ మొహాలే," అన్నాడు. "వాళ్ళు వచ్చారంటే పట్టీ కట్టుకున్నవాళ్ళు, మన చేత తిట్లు తిన్నవాళ్ళు. మనం పరీక్ష పెట్టిన అరవైమందీ వాళ్ళే. రానివాళ్ళు ఎలా అయ్యారో దీనికి తెలియదు. మనకీ తెలియదు. అందరూ బాగైపోతారని గీస్తూ పోయింది."

వాడి మీద కేకలేద్దామని వెళ్ళినదాన్ని, వెయ్యలేకపోయాను. వదిలెయ్ అన్నది నేను.

సాయంత్రం ఇంట్లో మా ఆయన రఘు చపాతీలు కాలుస్తుంటే డైనింగ్ టేబుల్ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్లో పేజీ తెరిచి ఆ ఫొటో చూపించాను. నలభై వేల మందికి నచ్చిందది. 'దేవుళ్ళు మీరు' అని రాశారు కింద.

"అబ్బ, ఎంత బాగా చేశావు," అన్నాడు రఘు. "ఎవరీవిడ?"

"ఎవరూ కాదు," అన్నాను. తర్వాత అంతా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆపరేషన్లో మనిషి పోయినప్పుడు కూడా నేను ఇంటికొచ్చి ఏడవలేదు. రఘు స్టవ్ కట్టేసి ఎదురుగా కూర్చున్నాడు. "జోయెల్ పరీక్ష ఎప్పుడు?" అని మాత్రం అడిగాడు.

"మూడు నెలల్లో."

రఘు లేచి మళ్ళీ స్టవ్ వెలిగించాడు.

మర్నాడు ఆపరేషన్ల ఖర్చు భరించే ప్రభుత్వ వైద్య పథకం కార్యాలయానికి ఫోన్ చేశాను. మొహం సరిపోనిదే అడ్మిషన్ లేదు, అడ్మిషన్ లేనిదే మత్తుమందు దగ్గర్నుంచి దారం దాకా ఏదీ బయటికి రాదు. రికార్డులో ఫొటో మార్చాలంటే, అది అసలు ఫొటో కాదని పెట్టిన డిపార్ట్‌మెంటే రాసివ్వాలి. రాసిన కాగితం నకలు అదే రోజు కౌన్సిల్‌కి వెళ్తుంది. కౌన్సిల్ తనిఖీ బృందం మా సీట్లు చూడటానికి పదకొండు రోజుల్లో ఎలాగూ రాబోతోంది.

ముకుందరావు గారు తలుపు వేయించి మాట్లాడారు. చెడ్డవాడు కాదాయన. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్న అలిసిపోయిన మనిషి.

"హైమవతీ, ఆ అమ్మాయిని కొత్త పేరుతో చేర్చేద్దాం. కొత్త పేషెంటు, కొత్త కార్డు, కొత్త ఫొటో. రేపే ఆపరేషన్ చెయ్యి. ఎవరికీ నష్టం లేదు కదమ్మా."

"పోయినసారి మత్తిచ్చేటప్పుడు ఊపిరి గొట్టం దిగడానికి నలభై నిమిషాలు పట్టింది సార్. ఎలా దించారో పాత రికార్డులో ఉంది. కొత్త పేరుతో వస్తే ఆ కాగితం ఉండదు. ఇప్పుడు మెడ ఇంకా బిగిసింది. టేబుల్ మీదే పోతుంది."

"మత్తు డాక్టర్‌కి నోటితో చెబుదాం."

"ఆ రోజు డ్యూటీలో ఎవరుంటారో మనకేం తెలుసు?"

ఆయన నిట్టూర్చి, "ముందు ఆవిడనడుగు," అన్నారు. అడిగాను. కొత్త పేరు సంగతి చెప్పాను. లోవకుమారి తల ఊపలేక 'సరే' అనడానికి కళ్ళు మూసి తెరుస్తుంది. అలాగే చేసింది. "ఆయ్, మీరెలాగంటే అలాగేనండి," అంది. ఏం చెప్పినా ఒప్పుకునేలా ఉంది. ఫొటోనీ అలాగే నమ్మింది. వెళ్ళి కాగితం రాసేశాను. రికార్డులో ఉన్న పన్నెండో నెల ఫొటో కంప్యూటర్ గీసిందని, పేజీలో దాన్ని నిజం ఫొటోలా పెట్టామని, అందుకు అనుమతించింది నేనని రాసి సంతకం పెట్టాను.

కౌన్సిల్ తేల్చేదాకా రికార్డు మారదన్నారు. చేర్చుకునే దారి లేక ఆ పదకొండు రోజులూ లోవకుమారి వార్డు వరండాలో చాప మీదే ఉంది. సిస్టర్ ఫిలోమినా పూటకింత అన్నం మెత్తగా పిసికి పెట్టేది. వార్డులో గోడలకి చెవులే కాదు, నోళ్ళు కూడా ఉంటాయి. డాక్టరమ్మ ఏదో రాసిందని, దాంతో సీట్లు పోతాయని, సీట్లు పోతే వార్డు మూసేస్తారని ఆమెకెవరో చెప్పేశారు. ఆమె విన్నదని నాకు తెలియదు.

తనిఖీకి ఇద్దరొచ్చారు. తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు, రాసుకునే అమ్మాయి ఒకరు. పెద్దాయన నా కాగితం చదివి పక్కన పెట్టారు.

"డిపార్ట్‌మెంట్లో గొడవలుంటే ఇలాంటి కాగితాలు మాకు వస్తూనే ఉంటాయి డాక్టర్. పేషెంటు నోట వినాలి."

లోవకుమారిని పిలిచారు. ఫొటో చూపించి, "ఇది మీదేనా అమ్మా?" అని అడిగారు.

ఆమె నా వైపు చూడలేదు. "నాదేనండి," అంది. "పన్నెండో నెల్లో ఇక్కడే తీశారండి. అప్పుడు బానే ఉన్నానండి. తరవాత పట్టీ తీసేసి నేనే పాడుసేసుకున్నానండి. ఈళ్ళ తప్పేం లేదండి."

ముకుందరావు గారు కిటికీ వైపు తిరిగారు. పక్కనున్న అమ్మాయి చకచకా రాసుకుంటోంది. పెద్దాయన మెల్లగా చెప్పి రాయిస్తున్నారు: "పేషెంటు నిర్లక్ష్యం వల్ల తిరిగి బిగుసుకుపోయింది."

ఆ ఒక్క మాట ఏం చేస్తుందో లోవకుమారికి తెలియదు, నాకు తెలుసు. పేషెంటు నిర్లక్ష్యమని రికార్డుకెక్కితే పథకం రెండో ఆపరేషన్ ఇవ్వదు. మమ్మల్ని కాపాడుతున్నాననుకుని ఆమె తన మెడని తనే ఛాతీకి కట్టేసుకుంటోంది. నేను నోరు మూసుకుంటే చాలు. వార్డు ఉంటుంది, జోయెల్ పరీక్ష రాస్తాడు, ముకుందరావు గారు పూలదండతో రిటైరవుతారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక నిమిషం నోరు మూసుకునే ఉన్నాను.

"రాయకండమ్మా," అన్నాను. "ఆవిడ అబద్ధం చెబుతోంది. పన్నెండో నెలలో ఆవిడ ఈ ఊరే రాలేదు. ఆ ఫొటో మాది."

"మీరు చెప్పేదానికి ఆధారం?"

తలుపు దగ్గర నిలబడ్డ జోయెల్ ముందుకొచ్చాడు. "గీయించింది నేను సార్. ఎప్పుడు గీసిందో కంప్యూటర్లో తేదీ ఉంది. ఆవిడదొక్కటే కాదు, రెండువందల పన్నెండు ఉన్నాయి. చూపిస్తాను రండి."

వాళ్ళు వెళ్ళాక లోవకుమారి వరండాలో నన్ను ఆపింది. అంత కోపంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

"ఎందుకండీ అలా సెప్పారు? నేను ఒప్పేసుకున్నాను కదండీ! వార్డంటూ ఉంటే ఎప్పుడో అప్పుడు కోసేవారు. ఇప్పుడు వార్డే లేకపోతే నా మెడ ఎవరు కోత్తారండీ? ఆళ్ళ ఉసురూ నాకేగా?"

"అలా రాసుంటే ఎప్పటికీ కోసేవాళ్ళం కాదమ్మా," అని నిర్లక్ష్యం అన్న మాట సంగతి చెప్పాను. ఆమె కింద కూర్చుండిపోయింది. తువ్వాల్లో మొహం దాచుకుని ఏడిచింది. నేనూ పక్కన చతికిలబడ్డాను.

నాలుగో రోజున ఆర్డరు వచ్చింది. రికార్డు సరిచేశారు. మా కాలేజీలో ప్లాస్టిక్ సర్జరీ శిక్షణ నిలిపేశారు. జోయెల్‌తో కలిపి ట్రైనీలు ఐదుగురూ సోమవారానికల్లా వేరే కాలేజీల్లో చేరాలి. జోయెల్‌కి ఏడాది పోయింది. పేజీ మూసేశారు.

శనివారం ఆఖరి ఆపరేషన్ లిస్టు. లిస్టులో ఒక్కటే పేరు పెట్టాను. పాత కాగితం చూసి మత్తు డాక్టర్ ముక్కులోంచి సన్న కెమెరా గొట్టం దించాడు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఎనిమిది గంటలు నిలబడ్డాం. ఈసారి వీపు చర్మాన్ని రక్తనాళాలతో సహా తెచ్చి మెడకి కుట్టాం. నాళాలు కుట్టింది జోయెల్. వేరే ఊరికి పెట్టె సర్దుకున్నవాడు, ఒక్క కుట్టులోనూ తొందరపడలేదు. చివర్లో గ్లవ్స్ తీసేసి, "చర్మం రంగు బాగుంది మేడమ్," అన్నాడు. వాడి భుజం తట్టాను. అంతకంటే ఏమైనా అంటే ఇద్దరికీ కష్టం.

సోమవారం నుంచి వార్డులో కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేశాం. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికెళ్ళారు. ముప్ఫై పడకల్లో ఇరవై రెండు ఖాళీ. కట్లు నేనే మారుస్తున్నాను, రాత్రి డ్యూటీ ఒకరోజు నేను, ఒకరోజు అరవై నాలుగేళ్ళ ముకుందరావు గారు. కాలిన కేసులు మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో ఊరికి పంపిస్తున్నాం. దారిలో ఎంతమంది ఆగుతారో నాకు తెలియదు. చేసింది తప్పని అనుకోవడం లేదు. అలాగని నిద్రా పట్టడం లేదు.

ఏడో రోజు ఉదయం లోవకుమారి కట్టు విప్పాను. చర్మం పట్టింది. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి పడుకోబెట్టి ఉంచాం. గడ్డం ఛాతీని వదిలి పైకి లేచింది. ఫొటోలో ఉన్నంత అందంగా లేదు, ఎప్పటికీ ఉండదు. కుట్లు ఎర్రగా, వాపు వికారంగా ఉంది. కానీ పెదాలు మూసుకున్నాయి. గుటక వేసింది. దిండు తడవలేదు.

"నొప్పిగా ఉందా?"

కళ్ళు మూసి తెరిచి, "కొంచెమండి," అంది. తిన్నగా పైకే చూస్తోంది. చాలాసేపు అలా చూసి, "డాక్టరమ్మగారూ, ఈ ఫ్యానుకి రెండే రెక్కలున్నాయండి," అంది.

"ఏ ఫ్యానుకి?"

"ఇదేనండి, నా నెత్తి మీదది. మూడోది ఊడిపోయినట్టుందండి. ఎవరూ సూళ్ళేదాండి?"

పదహారేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఆ మంచం పక్కన నిలబడ్డాను. తల ఎత్తి చూశాను. రెండే ఉన్నాయి.